కొరత కన్న పాత బంగారం

2017 ఫిబ్రవరిలో ఫ్రాన్సు కార్ల కంపెనీ ప్యూజో మన దేశంలో ఒక పేరు కొనుక్కుంది. ధర 80 కోట్ల రూపాయలు. ఆ సొమ్ముకు ఫ్యాక్టరీ రాలేదు, అచ్చులు రాలేదు, కనీసం ఒక్క కారైనా రాలేదు. వచ్చిందల్లా అంబాసిడర్ అనే పేరూ, దాని మీద హక్కూ. ఆ కారు తయారీ ఆగిపోయి అప్పటికి మూడేళ్లు కావస్తోంది. 1980ల నడుమ ఏడాదికి 24 వేల దాకా తయారైన బండి, చివరి ఆర్థిక సంవత్సరంలో రెండు వేల పైచిలుకు దగ్గర చతికిలబడింది. కొనే నాథుడు లేక మూలబడ్డ కారు, మూలబడ్డాక ఒట్టి పేరుతోనే 80 కోట్లు చేసిందంటే, అది జనం జ్ఞాపకాల మీద కాసిన పందెమే.

ఆ జ్ఞాపకాలకు ఇప్పుడు మంచి గిరాకీ. పెళ్లి ఫొటోల కోసం తెల్ల అంబాసిడర్‌ను అద్దెకు తెచ్చి పూలు చుడుతున్నారు. తాత పెట్టుకున్న హెచ్.ఎం.టి. జనతా గడియారాన్ని బాగు చేయించి మనవడు కట్టుకుంటున్నాడు. మర్ఫీ రేడియో హోటళ్లలో అలంకారమైంది. గోడకు వేలాడే జోడు గొట్టాల తుపాకీ ఇంటి ప్రతిష్ఠకు చిహ్నంగా సినిమాల్లో ఇంకా కనిపిస్తూనే ఉంది. ఈ మోజును తప్పు పట్టాల్సిన పని లేదు. కాని అందులో కొంత మతిమరుపు కలిసి ఉంది. అవి గట్టివి, అరుదైనవి, ఇంట్లో మనిషిలాంటివి అని మురిసిపోయేవాళ్లు, అవి అలా ఎందుకయ్యాయో అడగరు. అడిగితే వచ్చే జవాబు ఇంజనీర్ల గొప్పతనం దగ్గర కాకుండా ప్రభుత్వ గెజెట్ల దగ్గర తేలుతుంది.

కథ 1942లో గుజరాత్‌లోని ఓఖా రేవులో మొదలైంది. బి.ఎం. బిర్లా అక్కడ హిందుస్థాన్ మోటార్స్ స్థాపించి, ఇంగ్లండు మోరిస్ కార్లను బిగించే పని పెట్టాడు. స్వాతంత్ర్యం వచ్చాక కంపెనీ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాకు చేరింది. మోరిస్ టెన్ ఇక్కడ హిందుస్థాన్ టెన్ అయింది. 1954లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ రెండో సిరీస్ ల్యాండ్‌మాస్టర్ పేరుతో దిగింది. ఆ తర్వాత మూడో సిరీస్ అచ్చులు వచ్చాయి. 1950లు ముగిసేలోపు అదే అంబాసిడర్‌గా రోడ్డెక్కింది. 1959 నుంచి దానికి 1489 సీసీ ఇంజను అమరింది. ఆ గుండ్రటి టోపీలాంటి కప్పు, ఉబ్బిన బుగ్గల మడ్‌గార్డులు, స్టీరింగు పక్కన గేరు రాడ్డు, ముందు సీటులో ముగ్గురు, వెనక సీటులో ఎంతమంది పడితే అంతమంది. మార్క్ టూ, మార్క్ త్రీ, మార్క్ ఫోర్ అని పేర్లు మారాయి కాని, గ్రిల్లు, దీపాల దగ్గరి మార్పులు తీసేస్తే లోపలి మనిషి ఒకడే.

బొంబాయిలో వాల్‌చంద్ హీరాచంద్ 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ పెట్టాడు. ముందు అమెరికా క్రైస్లర్ కంపెనీతో కలిసి డాడ్జి, ప్లిమత్ బళ్లు బిగించి, తర్వాత ఇటలీ ఫియట్ వైపు తిరిగాడు. 1964లో ఫియట్ 1100 డిలైట్ వచ్చింది. 1970ల్లో దాని పేరు ముందు ప్రీమియర్ ప్రెసిడెంట్‌గా, 1974లో ప్రీమియర్ పద్మినిగా మారింది. పేరు ఏదైనా జనం ఫియట్ అనే పిలిచారు. ఇటలీవాళ్లు ఆ మోడల్‌ను 1966లోనే ఆపేశారు. మనం దాదాపు శతాబ్దం చివరి దాకా చేస్తూనే ఉన్నాం. మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ 1961లో హెరాల్డ్‌ను తెచ్చింది. ఇటలీ డిజైనర్ జొవానీ మికెలోట్టి గీసిన ట్రయంఫ్ హెరాల్డ్‌కు అది మన రూపం. బానెట్టు మొత్తం ముందుకు ఒరిగేది, ఇంజను అంతా ఒక్కసారిగా బయటపడేది. మూడింట్లోకీ అందం దానిదే, ఆయుష్షు మాత్రం తక్కువ.

మూడు కంపెనీలు, మూడు కార్లు. ఎందుకు మూడే? యుద్ధానికి ముందు బొంబాయిలో జనరల్ మోటార్స్, మద్రాసు, కలకత్తాల్లో ఫోర్డు కార్లు బిగిస్తుండేవి. 1953లో టారిఫ్ కమిషన్, విడిభాగాలను దేశంలో తయారు చేసే ప్రణాళిక లేకుండా ఒట్టి బిగింపు పని చేసేవాళ్లు వెళ్లిపోవాలని తేల్చింది. 1954కల్లా ఆ రెండు కంపెనీలూ మూట కట్టాయి. విదేశీ మారకం కరువు, దిగుమతులకు తాళం. ఎవరు ఎన్ని కార్లు చేయాలో లైసెన్సు చెప్పేది. చేసినవి ఎలా అమ్మాలో చెప్పడానికి 1959లో మోటారు కార్ల పంపిణీ, అమ్మకాల నియంత్రణ ఉత్తర్వు వచ్చింది. కొత్త కారు కొన్నవాడు రెండేళ్ల దాకా అనుమతి లేకుండా దాన్ని మరొకరికి అమ్మడానికి వీలుండేది కాదు. ఎందుకంటే బుకింగు చేసి ఏళ్లకేళ్లు ఎదురుచూడలేనివాళ్లు వాడిన బండికి కొత్త బండికన్నా ఎక్కువ ఇవ్వడానికి సిద్ధంగా ఉండేవారు. వాడిన వస్తువు కొత్తదానికన్నా ప్రియమైన దేశంలో, నిజానికి ప్రతి కారూ షోరూము గడప దాటిన రోజునుంచే అరుదైనవి పోగుచేసే కలెక్టర్ల వస్తువు.

స్కూటర్లకూ 1960లో అలాంటి ఉత్తర్వే. బజాజ్ స్కూటరు బుక్ చేసినవాడు అది వచ్చేనాటికి ఇద్దరు పిల్లల తండ్రి అయ్యేవాడన్నది హాస్యం కోసం అన్న మాట కాదు. డాలర్లు పంపగల బంధువు విదేశంలో ఉంటే మాత్రం వరస తప్పి బండి ముందే వచ్చేది. ఇక రాయబార కార్యాలయాలవాళ్లు దేశం విడిచి వెళ్తూ వదిలేసిన విదేశీ కార్లను స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ వేలం వేసేది. డబ్బున్న సినిమావాళ్లు, వ్యాపారులు అక్కడ పోటీపడేవారు. నటి సావిత్రికి కార్ల మీద ఉన్న మోజు మద్రాసంతా తెలిసిన సంగతే. ఆమె జీవితం మీద 2018లో వచ్చిన 'మహానటి'లో ఆనాటి కార్లను చూసి కుర్రకారు కూడా వాటి వెంట పడింది. తెర మీద కారు వచ్చి ఆగుతుంది. దాన్ని సంపాదించడానికి ఎంత ఆరాటపడ్డారో తెర చూపదు.

కార్లొక్కటే కాదు. ఇంట్లో రేడియో ఉంటే ఏటా పోస్టాఫీసుకు వెళ్లి రుసుము కట్టి లైసెన్సు పుస్తకంలో స్టాంపు వేయించుకోవాల్సి వచ్చేది. పట్టణాల్లో సైకిలుకు మున్సిపాలిటీ బిళ్ల ఉండాల్సి వచ్చేది, లేకపోతే పట్టుకునేవాళ్లు. ఆ రేడియో పుస్తకాలు, సైకిలు బిళ్లలు ఇప్పుడు హైదరాబాద్ జుమ్మేరాత్ బజారు లాంటి చోట్ల పాత నాణేల పక్కన అమ్మకానికి కనిపిస్తాయి. కొనేవాళ్లకు అవి ముచ్చట. కట్టినవాళ్లకు అప్పట్లో చిరాకు.

అందుకే 'పాతకాలం వస్తువులు గట్టివి' అనే మాటను కొంచెం సందేహంతో వినాలి. అంబాసిడర్ గట్టిదే, కాదనలేం. గుంతల రోడ్డు మీద, వాగు దాటేటప్పుడు, పదిమంది ఎక్కినప్పుడు అది చూపిన ఓర్పు నిజం. కాని అది దశాబ్దాలు బతకడానికి కారణం దాని ఇనుముకన్నా దాని చుట్టూ పుట్టిన మనుషులు. విజయవాడ ఆటోనగర్‌లో, సికింద్రాబాద్ రాణీగంజ్‌లో, మద్రాసు పుదుపేటలో, కలకత్తా మల్లిక్ బజారులో ఒక కొత్త వృత్తే తయారైంది. కంపెనీ భాగం దొరకదు, దొరికినా నెలలు పడుతుంది. కాబట్టి లేతు మీద తిప్పి బుష్షు చేశారు, అరిగిన సిలిండర్లకు రీబోరింగ్ చేశారు, తుప్పు తిన్న రేకును కోసి టింకరింగ్‌తో కొత్త రేకు అతికారు, లారీ భాగాన్ని కారుకు సరిపెట్టారు. పెట్రోలు ధర పెరిగాక కొందరు ఇంజనునే దించేసి డీజిల్ ఇంజను ఎక్కించారు. సెల్ఫ్ పనిచేయకపోతే హ్యాండిల్ రాడ్డు తిప్పి స్టార్టు చేయడం పదేళ్ల కుర్రాడికీ తెలుసు. ఈ మెకానిక్కులకు చదువు సర్టిఫికెట్లు లేవు, పేర్లు ఏ చరిత్ర పుస్తకంలోనూ లేవు. ఆ కార్లకు అసలు తయారీదారులు వాళ్లే అన్నా పెద్దగా అతిశయోక్తి కాదు.

అంబాసిడర్‌కు దక్కిన మరో జీవితం అధికారానిది. తెల్లరంగు, నెత్తిన ఎర్రబుగ్గ, వెనక అద్దాలకు తెరలు. కలెక్టరు వచ్చాడంటే అదే, మంత్రి వచ్చాడంటే అదే. ప్రభుత్వమంటే తెల్ల అంబాసిడర్ అని స్థిరపడిన ఆ రోజుల్లో, 1982లో తెలుగుదేశం పెట్టిన ఎన్.టి. రామారావు జనంలోకి వెళ్లడానికి పాత షెవర్లే వ్యానును ఎంచుకున్నాడు. దానికి మెట్లు, మైకు అమర్చి, కొడుకు హరికృష్ణ నడుపుతుండగా ఊరూరా తిరిగాడు. అదే చైతన్య రథం. 1983 జనవరిలో ఆయన ముఖ్యమంత్రి అయ్యాడు. తెలుగునాట ఒక పాత బండి చరిత్రకెక్కిన సందర్భాల్లో ఇంతకు మించింది మరొకటి లేదు. తెల్ల అంబాసిడర్ హోదాకు మచ్చ పడింది మాత్రం 2001 డిసెంబరు 13న. పార్లమెంటు మీద దాడి చేసినవాళ్లు వచ్చింది ఎర్రబుగ్గ పెట్టుకుని, హోంశాఖ నకిలీ స్టిక్కరు అంటించుకున్న తెల్ల అంబాసిడర్‌లోనే. ఆ వేషానికి గేటు దగ్గర ఎవరూ అడ్డు చెప్పరని వాళ్లకు తెలుసు. 2017 మే 1 నుంచి ఎర్రబుగ్గలు పోయాయి. అప్పటికి కారే పోయింది.

అంబాసిడర్ పుట్టిన ఉత్తర్‌పారా హుగ్లీ నదికి పడమటి గట్టున ఉంది. అదే నదికి తూర్పు గట్టున, కొంచెం పైకి వెళ్తే, ఇషాపూర్. 1904లో బ్రిటిష్‌వాళ్లు అక్కడ రైఫిల్ ఫ్యాక్టరీ పెట్టారు. ఒక గట్టున ఇంగ్లండు కారు, మరో గట్టున ఇంగ్లండు తుపాకీ. రెండింటినీ మనవాళ్లు పుట్టింటివాళ్లకన్నా ఎక్కువకాలం పెంచారు. లీ-ఎన్‌ఫీల్డ్ .303, పోలీసుల నోట త్రీ నాట్ త్రీ, రెండు ప్రపంచ యుద్ధాల్లో పనిచేసింది. 1962 చైనా యుద్ధం తర్వాత ఇషాపూర్‌లోనే దాన్ని 7.62 తూటాకు తగ్గట్టు మార్చి కొత్త రైఫిల్ చేశారు. ఉత్తరప్రదేశ్ పోలీసులు పాత .303కు వీడ్కోలు పలికింది 2020లో.

మామూలు పౌరుడికి .303 నిషిద్ధం, సైన్యం తూటా కాబట్టి. అందుకని అదే యంత్రాంగం మీద .315 కాలిబర్ రైఫిల్‌ను తయారు చేసి లైసెన్సుదారులకు అమ్మారు. అంటే ఈనాడు పాత ఇళ్లలో తాతల కాలపు వేట తుపాకీగా మర్యాద పొందుతున్న ఇషాపూర్ .315, ఆ కొలతతో పుట్టడానికే కారణం చట్టంలోని ఒక నిషేధం.

ఆ చట్టానికీ పెద్ద చరిత్రే ఉంది. 1878లో లిట్టన్ హయాంలో వచ్చిన ఆయుధ చట్టం భారతీయుడికి లైసెన్సు తప్పనిసరి చేసి, తెల్లవాళ్లకు మినహాయింపు ఇచ్చింది. ఆ అవమానం ఎంత గుచ్చుకుందంటే, 1931లో కరాచీ కాంగ్రెసు ప్రాథమిక హక్కుల తీర్మానంలో ఆయుధం ఉంచుకునే హక్కునూ చేర్చారు. స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగంలో దానికి చోటు దక్కలేదు. 1959లో కొత్త ఆయుధ చట్టం చేసి, 1962 అక్టోబరు నుంచి అమలు చేశారు. రంగుభేదం పోయింది, లైసెన్సు మిగిలింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చి షికారుకు తెర దించింది. పాకాల అడవుల్లో, ఆదిలాబాద్ కొండల్లో నిజాం కాలపు దర్పంతో మోగిన తుపాకులు ఒక్కసారిగా పెట్టెల్లోకి చేరాయి. 1983లో ఒక మనిషి దగ్గర మూడు మించకూడదన్నారు. 1980ల నడుమ విదేశీ తుపాకుల దిగుమతి ఆగింది.

అక్కడినుంచి కార్ల కథే తిరిగి నడిచింది. దేశంలో అప్పటికే ఉన్న వెబ్లీ అండ్ స్కాట్ రివాల్వర్లు, వెస్ట్లీ రిచర్డ్స్, హాలండ్ అండ్ హాలండ్ జోడు గొట్టాలు ఇక పెరగవు. అడిగేవాళ్లు మాత్రం తగ్గలేదు. .32 వెబ్లీ ఇక్కడ లక్షల్లో పలకడానికి దాని గురి కారణం కాదు, దాని ఉక్కు కారణం కాదు. 2020లో అదే వెబ్లీ అండ్ స్కాట్ పేరుతో ఉత్తరప్రదేశ్ హర్దోయ్ జిల్లాలోని సండీలాలో .32 రివాల్వర్ల తయారీ మొదలైంది. పాత పేరు తిరిగి వచ్చిందన్నమాట, కాకపోతే ఈసారి పుట్టిల్లు సండీలా.

తుపాకీ విషయంలో తెలుగునేల మీద ఇంకో మాట చెప్పుకోకపోతే కథ సగమే అవుతుంది. పాత తుపాకీని చూసి అందరూ ఒకేలా మురిసిపోలేరు. తెలంగాణ పల్లెల్లో గడీ గోడకు వేలాడిన తుపాకీ వేట కోసమే వేలాడలేదు. వెట్టి చేయననే మాట ఎవరి నోటా రాకుండా చూడటం కూడా దాని పనే. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటంలో దళాలు దేశ్‌ముఖుల ఇళ్లనుంచి తుపాకులు ఎత్తుకుపోయాయి. పక్కనే గొట్టం మూతినుంచి మందు కూరి పేల్చే బర్మార్లూ పనిచేశాయి. దొర మనవడికి వారసత్వంగా కనిపించేది, జీతగాడి మనవడికి వేరే కథ చెబుతుంది. పాత వస్తువుల మీద రాసేవాళ్లు ఈ రెండో మనవణ్ని తరచూ మరచిపోతారు.

ఈనాటి లైసెన్సుదారు కష్టాలు వేరు. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిందంటే తాతల తుపాకీని గుడ్డలో చుట్టి ఠాణాలో జమ చేసి రసీదు తెచ్చుకోవాలి. పంటను అడవిపందుల నుంచి కాపాడుకోవడానికి ఇచ్చే లైసెన్సుకూ అవే తిప్పలు. 2019 సవరణ మూడు తుపాకుల పరిమితిని రెండుకు దించింది. బిల్లులో ముందు ఒక్కటే అన్నారు, అభ్యంతరాలు వచ్చాక రెండు చేశారు. మూడోది ఉన్నవాళ్లు ఏడాదిలోగా అప్పగించాలన్నారు. పేలే స్థితిలో లేని పురాతన ఆయుధానికి చట్టంలో మినహాయింపు ఉంది. పేలుతుందా లేదా అన్నదే వారసత్వానికీ నేరానికీ మధ్య గీత.

గడియారాల కథ చిన్నది. హెచ్.ఎం.టి. 1961లో జపాన్ సిటిజన్ సాయంతో బెంగళూరులో చేతి గడియారాలు మొదలుపెట్టింది. జనతా, పైలట్, కోహినూర్. పరీక్ష పాసైతే ఒకటి, పెళ్లికి ఒకటి, పదవీ విరమణకు ఒకటి. 2016లో గడియారాల విభాగం మూతపడగానే గిరాకీ లేచింది. ముంబై పనివాళ్లు పాత యంత్రానికి కొత్త డయలు గీసి, మరోదాని కేసులో బిగించి అమ్మారు. విదేశీ కలెక్టర్లు వాటిని 'ముంబై స్పెషల్' అని వెక్కిరిస్తారు. వాళ్లకు అది మోసం. ఆ పనివాడికి మాత్రం చచ్చిన గడియారాన్ని నడిపించడం. ఇద్దరిలో ఎవరి పక్షం వహించాలో చెప్పడం అంత తేలిక కాదు, కొత్తగా డయలు వేసిన సంగతి దాచనంతవరకు. హైదరాబాద్‌వాళ్లకు ఇంకో పేరు గుర్తుంటుంది, ఆల్విన్. 1942లో పుట్టి, బస్సుల బాడీలు, ఇనప బీరువాలు, ఫ్రిజ్‌లు, 1980ల్లో జపాన్ సెయికోతో గడియారాలు కూడా చేసి, 1990ల్లో ముక్కలైంది. బీరువాలు ఇంకా చాలా ఇళ్లలో తాళం సరిగ్గా పడుతూ నిలబడి ఉన్నాయి. వాటిని కలెక్టర్లు ఎందుకో ఇంకా పట్టించుకోలేదు.

పాతవి పోగుచేయడం ఒకప్పుడు ప్రభువుల పని. మూడో సాలార్ జంగ్ పోగుచేసిన వేల వస్తువులు, వాటిలో కత్తులూ తుపాకులూ కూడా, ఆయన పోయాక 1951లో మ్యూజియం అయ్యాయి. నిజాంల 1912 రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఇప్పుడు చౌమహల్లాలో పసుపురంగుతో మెరుస్తూ ఉంది. 1971లో రాజభరణాలు రద్దయ్యాక చాలా సంస్థానాల కార్ల షెడ్లు ఖాళీ అయ్యాయి. కాని 1964లోనే ఢిల్లీలో స్టేట్స్‌మన్ పత్రిక పాత కార్ల ర్యాలీ మొదలుపెట్టడంతో, రాజులు కానివాళ్లూ ఈ పిచ్చిలో పడే దారి దొరికింది. ఈనాటి కలెక్టరు మధ్యతరగతివాడు. అతనికి కావాల్సింది రాజు కారు కాదు, చిన్నప్పుడు పక్కింటి ముందు ఆగి, తమ ఇంటికి రాని కారు.

2021 జులైలో కేంద్ర రవాణాశాఖ వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటిన బండికి నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషనుకు 20 వేలు, గడువు తీరాక తిరిగి చేయించుకోవడానికి 5 వేలు. రోజువారీ తిరుగుడుకు, కిరాయికి పనికిరాదు. ర్యాలీలు, ప్రదర్శనలు, పెట్రోలు పోయించుకోవడం లాంటివాటికే. అసలు మెలిక ఇంకోటి ఉంది: బండి పుట్టినప్పటి రూపంలోనే ఉండాలి, ఛాసీ, బాడీ, ఇంజనులో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. ఆ లెక్కన ఆటోనగర్ మేస్త్రి డీజిల్ ఇంజను ఎక్కించి, రేకు మార్చి, నలభై ఏళ్లు టాక్సీగా నడిపించిన అంబాసిడర్ వింటేజ్ కాదు. షెడ్డులో గుడ్డ కప్పుకుని కూర్చున్నదే వింటేజ్.

1974 నాటి తొలి పద్మినిలకు 2024తో యాభై నిండాయి. బొంబాయి టాక్సీల్లో చివరిగా రిజిస్టరైన పద్మిని మాత్రం 2003 అక్టోబరు నాటిది. ఇరవై ఏళ్ల పరిమితి తీరి 2023 అక్టోబరు చివర అది రోడ్డు దిగిపోయింది. 1975 మార్క్ త్రీ అంబాసిడర్లూ 2025లో వరసలోకి వచ్చాయి. ఆ కాలానికి ముగింపు రాసిన మారుతి 800, 1983 డిసెంబరు 14న 47,500 రూపాయల ధరతో వచ్చిన ఆ చిన్న తెల్ల కారు, 2033లో అర్హత సంపాదిస్తుంది. దానికోసం వెతికేవాళ్లు ఇప్పటికే ఉన్నారు. అసలు కార్బురేటర్, అసలు హబ్ క్యాపులు ఉన్న తొలి మోడల్ ఎవరింట్లో ఉందో వాళ్లకు తెలుసు.